గుంటూరు–తెనాలి లైను పక్కన సొంత రైల్వే సైడింగ్ కట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న – మొక్కజొన్న వర్తకుడు, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు–తెనాలి రైలు మార్గానికి దగ్గరలో మా కుటుంబానికి పదకొండు ఎకరాల భూమి ఉంది. అందులో మూడు గోదాములు నడుస్తున్నాయి. రైతుల దగ్గరా మార్కెట్ యార్డుల్లోనూ మొక్కజొన్న కొని, నామక్కల్ వైపు కోళ్ల దాణా మిల్లులకు రైలులో పంపడం మా ప్రధాన వ్యాపారం. మిగతా కాలంలో బియ్యం కూడా పంపుతుంటాము. ఇప్పుడు సరుకును గోదాములో లారీకెత్తి, గూడ్స్ షెడ్డులో దింపి, రేకు (ఒక గూడ్సు బండిలోని వ్యాగన్ల వరుస మొత్తం) వచ్చాక మళ్లీ ఎత్తి వ్యాగన్లలో వేయించవలసి వస్తున్నది. రబీ కోతల తర్వాత నెలకు నాలుగు రేకుల దాకా వెళ్తాయి. తక్కిన నెలల్లో ఒకటి వెళ్తే గొప్ప. ఏడాది మొత్తం మీద ఇరవైకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఈ హమాలీ ఖర్చు, లారీ బాడుగ మిగుల్చుకోవడానికి మా స్థలంలోకే ఒక సైడింగ్, అంటే మెయిన్ లైను నుంచి చీలి వచ్చే సొంత పట్టాలు, వేయించుకుంటే ఎలా ఉంటుందని ఇంట్లో చర్చ మొదలైంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు వేస్తున్న 57 కి.మీ. కొత్త లైనుకు 2,245 కోట్ల రూపాయలు మంజూరైనట్లు పత్రికల్లో చదివాము. భాగించి చూస్తే కిలోమీటరుకు 39 కోట్ల పైచిలుకు తేలుతున్నది. మా స్థలం పట్టాలకు వంద మీటర్ల దూరంలోనే ఉన్నది కాబట్టి నాలుగు కోట్లలో పని ముగుస్తుందని మా తమ్ముడి వాదన. అది అంత సులువు కాదని నాకు అనిపిస్తున్నది గాని, ఎందుకు కాదో చెప్పలేకపోతున్నాను. ఈ పని దగ్గరుండి చూసినవారు అసలు ఖర్చు ఎక్కడెక్కడ పుడుతుందో, అందులో రైల్వే భరించేది ఏదైనా ఉంటుందో వివరించగలరా?

జవాబు – విశ్రాంత పర్మనెంట్ వే (రైలు పట్టాల విభాగం) ఇంజినీరు, విజయవాడ

మీ తమ్ముడుగారి లెక్కలో రెండు చిక్కులున్నాయి. అమరావతి లైను అంచనాలో కృష్ణానది మీద 3.2 కి.మీ. వంతెన ఉంది, భూసేకరణ ఉంది, స్టేషన్లు ఉన్నాయి. ఆ సగటును సైడింగ్‌కు అన్వయించడం కుదరదు. రెండవది ఇంకా ముఖ్యమైనది. సైడింగ్ ఖర్చును నిర్ణయించేది పట్టాలకూ మీ గేటుకూ మధ్యనున్న దూరం కాదు, రేకు పొడవు. రైల్వేవారు పూర్తి రేకు నిలవడానికి ప్రామాణికంగా అడిగే నిడివి 686 మీటర్లు. ఆ మేరకు ఒక లోడింగ్ లైను, ఇంజను విడిపోయి అవతలి కొసకు చేరడానికి పక్కనే మరొక లైను, చెడిపోయిన వ్యాగన్‌ను తప్పించి పెట్టడానికి చిన్న ముక్క, వీటన్నింటినీ స్టేషనుకు కలిపే లైను ఉండాలి. ఇవన్నీ కలిపితే మీ స్థలం పట్టాలను ఆనుకునే ఉన్నా రెండు కిలోమీటర్లకు పైగా ట్రాక్ వేయవలసి వస్తుంది.

అందువల్ల ఎన్ని ఎకరాలని కాక, ఏ ఆకారంలో ఉందని ముందు చూడండి. ఏడు వందల మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు ఉన్న పట్టీ పదిన్నర ఎకరాలవుతుంది. అది రైలు మార్గానికి సమాంతరంగా ఉంటే సైడింగ్‌కు సరిపోతుంది. అదే పదిన్నర ఎకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు రెండు వందల మీటర్ల చిల్లరే వస్తుంది, దానిలో రేకు మూడో వంతు కూడా పట్టదు. అప్పుడు పక్క రైతుల భూమి కొనవలసి వస్తుంది. సైడింగ్ కోసం అడుగుతున్నారని ఊళ్లో తెలిసిన మరునాటి నుంచి ఆ భూమి ధర ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక పట్టాల సంగతి. మీటరుకు 60 కేజీలుండే పట్టా వాడితే కిలోమీటరు ట్రాక్‌కు 120 టన్నుల ఉక్కు, పట్టాల కింద అడ్డంగా వేసే కాంక్రీటు స్లీపర్లు 1,540 కావాలి. 2.2 కి.మీ. అనుకుంటే 264 టన్నుల పట్టాలు, సుమారు 3,400 స్లీపర్లు, నాలుగు వేల ఘనపు మీటర్లకు పైగా కంకర పడుతుంది. పట్టా టన్ను 90 వేలు, స్లీపరు మూడున్నర వేలు, కంకర ఘనపు మీటరు రెండు వేలు అని అనుకోలుగా వేసుకున్నా ఈ మూడూ కలిసి నాలుగున్నర కోట్ల దగ్గర ఆగుతాయి. నేటి మార్కెట్ ధరలు మీరే పెట్టుకొని సరిచూసుకోండి. పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరొక లైనుకు మళ్లించే అమరికలు), బిగింపు సామగ్రి, కూలి దీనికి అదనం. పైకి కనిపించేది పట్టాలే కాబట్టి అందరూ వాటి ధరే అడుగుతారు గాని, మొత్తం ఖర్చులో వాటి వాటా మీరు ఊహించినదానికన్నా తక్కువ.

మీ ప్రాంతంలో అసలు ఖర్చు మట్టిలో ఉంటుంది. డెల్టా వైపు రైలు కట్టను వరద నీటిని దృష్టిలో పెట్టుకొని పొలాల కంటే ఎత్తుగా పోశారు. ఇంజను విప్పేసిన వ్యాగన్లు వాటంతటవే దొర్లిపోకూడదు కనుక, రేకు నిలిచే యార్డులో వాలు 1,200 మీటర్లకు ఒక మీటరు ఉండటం మంచిదని నియమం. ఎంత తప్పనిసరి అయినా 400 మీటర్లకు ఒక మీటరు మించనివ్వరు. ఆ గరిష్ఠ వాలు చొప్పున కట్ట మీద నుంచి రెండు మీటర్లు దిగాలంటేనే ఎనిమిది వందల మీటర్లు పోతాయి. కాబట్టి లైనును పొలం మట్టానికి దించడం కుదరదు, పొలాన్నే లైను మట్టానికి ఎత్తాలి. నలభై మీటర్ల వెడల్పు, 750 మీటర్ల పొడవున రెండు మీటర్లు నింపితే 60 వేల ఘనపు మీటర్ల మట్టి కావాలి. మీ పొలంలోని నల్లరేగడి అందుకు పనికిరాదు. అది వానకు ఉబ్బి, ఎండకు పగులుతుంది. దాని మీద నేరుగా కంకర పోస్తే రెండు వర్షాకాలాలు గడిచేసరికి ట్రాక్ అలలు తిరుగుతుంది. గట్టి గ్రావెల్ మట్టిని బయటి నుంచి తోలుకొచ్చి, పొరలు పొరలుగా రోలరుతో తొక్కించి, పైన బ్లాంకెట్ అనే ప్రత్యేక పొర వేయాలి. క్వారీ మీ స్థలానికి ఎంత దూరమో అంచనా వేయకుండా ఎవరైనా మీకు ఖర్చు చెబితే ఆ కాగితాన్ని పక్కన పెట్టండి.

ఆ తర్వాత కనెక్షన్. స్టేషను యార్డులో మెయిన్ లైను పక్కనుండే లూపు లైను నుంచి కలుపుకోగలిగితే అదృష్టం. రెండు స్టేషన్ల నడుమ మెయిన్ లైను నుంచే చీల్చవలసి వస్తే అక్కడ సిగ్నళ్లతో, పగలూ రాత్రీ సిబ్బందితో ఒక బ్లాక్ హట్ లాంటిది నిలబెట్టాలి. ఆ దారిలో ప్రయాణికుల రైళ్లు తిరుగుతాయి కాబట్టి రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి లేకుండా ఒక్క వ్యాగన్ కూడా లోపలికి రాదు. ఆయన రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. ఈ విషయం తెలియక చాలామంది డివిజన్ కార్యాలయం చుట్టూ తిరుగుతారు. స్టేషన్లో సిగ్నళ్లనూ పాయింట్లనూ కలిపి నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉంటే, మీ ఒక్క పాయింటు చేర్చడానికి దాని తర్క పటాన్ని తిరిగి రాసి, పరీక్షించి, ట్రాఫిక్ బ్లాక్ తీసుకొని, అంటే కాసేపు రైళ్లు ఆపించి, మార్చాలి. వంద మీటర్ల లైనుకైనా, పది కిలోమీటర్ల లైనుకైనా ఈ ఖర్చు దాదాపు ఒకటే. చిన్న వ్యాపారులను ముంచేది ఈ అంశమే.

కరెంటు తీగలు లోడింగ్ లైను పొడవునా అక్కరలేదు. బస్తాలు పక్క నుంచి ఎత్తుతారు కాబట్టి మీకు ఉన్నా ఇబ్బంది లేదు గాని, ఇంజను తిరిగే మేరకు ఉంటే చాలు.

సర్వే జరగకుండా మొత్తం ఇంత అని చెప్పడం నాకు ఇష్టం లేదు. మీ పరిస్థితిలో నాలుగు కోట్లన్నది కాగితం మీద కూడా నిలవదు. పాతిక, ముప్ఫై కోట్లు మనసులో పెట్టుకొని మాట్లాడటం మొదలుపెడితే పెద్దగా తప్పు ఉండదు.

మొక్కజొన్న వర్తకుడు

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు సార్. మా స్థలం పట్టీ కాదు, రమారమి చదరమే. పక్కన ఇద్దరు రైతుల పొలాలు కలుపుకుంటే గాని మీరు చెప్పిన పొడవు రాదు. గతి శక్తి కింద రైల్వేవారే కొంత భరిస్తారని ఒకరు చెప్పారు. అది ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు – సరుకు రవాణా ఏజెంటు, కొండపల్లి

నిజమేనండీ, కాని దానికి హద్దులున్నాయి. రైల్వే శాఖ 2021 డిసెంబరులో గతి శక్తి మల్టీమోడల్ కార్గో టెర్మినల్ విధానాన్ని ప్రకటించింది. అంతకు ముందు 2010 నుంచి ప్రైవేట్ ఫ్రైట్ టెర్మినల్ విధానం ఉండేది. కొత్త విధానంలో ప్లాన్ల పరిశీలనకు రైల్వే వసూలు చేసే శాఖాపరమైన చార్జీలు లేవు. కనెక్షన్ కోసం వాడుకునే రైల్వే భూమికి లైసెన్సు ఫీజు లేదు. అక్కడ పనిచేసే రైల్వే కమర్షియల్ సిబ్బంది జీతాలను మీ మీద వేయరు. మీకు సేవలందించే స్టేషన్లో అందరికీ పనికొచ్చే లైన్లు అవసరమైతే వాటిని రైల్వే తన ఖర్చుతో వేస్తుంది. యార్డు, లోడింగ్ లైన్లు మినహా మిగతా ట్రాక్, సిగ్నళ్లు, కరెంటు తీగల నిర్వహణ కూడా రైల్వేదే. పాత రోజుల్లో సైడింగ్ పెట్టినవారిని ఏటేటా నమిలినవి ఈ పద్దులే కాబట్టి ఇది చిన్న వెసులుబాటు కాదు. అయితే మీ హద్దులో పోసే మట్టి, వేసే పట్టాలు, వార్ఫు (సరుకు ఎక్కించి దింపే గట్టు), రోడ్లు, లైట్లు, ఆఫీసు, అన్నీ మీవే.

మీకు ఇంకొక అవకాశం ఈ విధానంలోనే ఉంది. టెర్మినల్ అంటే మీ సరుకు మాత్రమే కాదు, ఇతరుల సరుకు కూడా దించుకోవచ్చు, ఎక్కించవచ్చు. గుంటూరు చుట్టుపక్కలకు ఖరీఫ్, రబీ ముందు ఎరువుల రేకులు వస్తాయి. అవి మీ దగ్గర దిగితే మీ లైను ఖాళీగా ఉండే నెలలు కొన్ని నిండుతాయి. మీ మొక్కజొన్న మీదే ఆధారపడితే మాత్రం, పది నెలలు తుప్పు పట్టే పట్టాలకు కాపలా కాయవలసి వస్తుంది.

సొంత సైడింగ్ ఉంటే డెమరేజ్ (వ్యాగన్లను గడువు దాటి నిలిపితే కట్టే రుసుము) ఉండదని చాలామంది అనుకుంటారు. అది పోదు. ఎనిమిది చక్రాల వ్యాగనుకు గంటకు 150 రూపాయలు మూల రేటు. 58 వ్యాగన్ల రేకు గడువు దాటి నిలిస్తే గంటకు 8,700 అవుతుంది. గడువు మీరుతున్న కొద్దీ రేటు పెరుగుతుంది. గూడ్స్ షెడ్డులో హమాలీల గుంపు ఎప్పుడూ ఉంటుంది. మీ గేటు లోపలికి రేకు రాత్రి రెండు గంటలకు వస్తే మనుషులను మీరే లేపుకు రావాలి. ఇంజనును రేకుతోనే ఉంచే పద్ధతికి ఒప్పుకుంటే ఇంకా తొందర పడాలి.

మరొక సంగతి. 2020 జూలైలో రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చి వెళ్లింది, గుర్తుందా? పదహారు పార్సిల్ వ్యాన్లలో 384 టన్నులు పంపారు. రోడ్డు మీద టన్నుకు ఏడు వేలు అయ్యేది, దానికి 4,608 రూపాయలైంది. గూడ్సు బండి కావాలంటే ఒక్కో విడతకు 1,500 టన్నులకు పైగా పోగుచేయాలి. అంత సరుకు ఒకేసారి కూడగట్టలేని మిర్చి వర్తకులకు చిన్న బండి దొరికింది. అక్కడ ఎవరూ సైడింగ్ కట్టలేదు. తగిన బండిని అడిగారు, అంతే. మీరు కూడా ఖాళీ నెలల్లో ఇరవై వ్యాగన్ల మినీ రేకు దొరుకుతుందేమో డివిజన్ కమర్షియల్ విభాగంలో ముందు అడిగి చూడండి. గూడ్స్ షెడ్లను ప్రైవేటు పెట్టుబడితో బాగుచేయించే పథకం కూడా 2020లోనే వచ్చింది. మీరు ఇప్పుడు వాడుతున్న షెడ్డులో వార్ఫు, రోడ్డు, పైకప్పు మెరుగుపడితే మీ కష్టంలో సగం తీరుతుందని నా అంచనా. నా బోటివాడికి మీరు సైడింగ్ కట్టుకుంటేనే పని దొరుకుతుంది. అయినా మీకు ఇరవై రేకుల మీద ఆ సాహసం చేయమని చెప్పలేను.

జవాబు – లెక్కల ఉద్యోగి, పల్నాడు సిమెంటు కర్మాగారం

పై ఇద్దరూ చెప్పినదానికి అంకెలు చేరుస్తాను. ఇవి ఊహా అంకెలే. మీవి పెట్టుకొని తిరగరాసుకోండి.

పెట్టుబడి 30 కోట్లు అనుకుందాం. పది శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీ మూడు కోట్లు. పదిహేనేళ్లలో అసలు తీర్చాలంటే ఏటా రెండు కోట్లు. మొత్తం ఐదు కోట్లు. లోడింగ్ లైను మరమ్మతులు, కాపలా, కరెంటు, ఇద్దరు ముగ్గురు సూపర్‌వైజర్లు ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. ఇప్పుడు మీకు మిగిలేది చూడండి. గోదాము నుంచి షెడ్డుకు లారీ బాడుగ, ఒక దింపుడు, ఒక ఎత్తుడు తప్పుతాయి. అన్నీ కలిపి టన్నుకు 250 రూపాయలు మిగులుతుందనుకుంటే, 42 వ్యాగన్ల పాత తరహా రేకులో సుమారు 2,600 టన్నులు పడతాయి కాబట్టి రేకుకు ఆరున్నర లక్షలు. ఐదు కోట్లను ఆరున్నర లక్షలతో భాగిస్తే 77 రేకులు. అంటే నెలకు ఆరున్నర రేకులు వెళ్తే గాని మీరు నష్టం లేకుండా నిలబడరు. మీకున్నవి ఇరవై. 58 వ్యాగన్ల కొత్త రేకులు దొరికి ఒక్కోదానిలో మూడున్నర వేల టన్నులు పంపినా 57 రేకులు కావాలి. అయితే సరుకు పెరగలేదు కాబట్టి, పెద్ద రేకుల్లో మీ రేకుల సంఖ్య ఇరవై నుంచి పదిహేనుకు దిగుతుందే తప్ప మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు.

ఇందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రైల్వే కిరాయి కూడా తగ్గుతుందని లాభంలో కలిపేస్తారు. షెడ్డులో ఎక్కించినా మీ సైడింగ్‌లో ఎక్కించినా నామక్కల్‌కు కిరాయి దూరాన్ని బట్టే ఉంటుంది. మీకు మిగిలేది ఆ కొద్ది దూరపు లారీ, హమాలీ మాత్రమే. షెడ్డుకూ మీ గోదాముకూ మధ్య దూరం ఎంత తక్కువైతే సైడింగ్ అంత గిట్టుబాటు కాదు. మా వంటి సిమెంటు కర్మాగారాలకు, కొండపల్లి దగ్గరి థర్మల్ కేంద్రం వంటివాటికి లెక్క వేరు. అక్కడ రేకులు నెలకు కాదు, రోజుకు లెక్కపెడతారు.

బ్యాంకువారు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే ఉంటుంది. మీ టర్నోవరు కన్నా, ఎరువుల కంపెనీ గానీ మరొక సరుకుదారు గానీ ఏడాదికి ఇన్ని రేకులు మీ దగ్గర దింపుతామని రాసిచ్చిన కాగితాన్నే వారు ఎక్కువగా చూస్తారు.

మొక్కజొన్న వర్తకుడు

77 అన్న అంకె చూసి మా తమ్ముడు కూడా మెత్తబడ్డాడు. సొంతానికి కట్టుకునే ఆలోచన ప్రస్తుతానికి విరమించుకున్నాము. అయితే మా చుట్టుపక్కల ఇద్దరు రైసు మిల్లర్లు, ఒక ఎరువుల డీలరు కలిసి వస్తామంటున్నారు. నలుగురం కలిస్తే ఏడాదికి అరవై రేకులకు దగ్గరగా రావచ్చు. ఆ మార్గంలో సర్వే వరకైనా వెళ్దామనుకుంటున్నాము. ఇంజినీరుగారికి ఒక ప్రశ్న. పక్క పొలాలు కలుపుకుంటే మధ్యలో ఊరి డొంక ఒకటి, దాని వెంట చిన్న పంట కాలువ ఒకటి అడ్డం వస్తాయి. డొంక దగ్గర గేటు పెట్టుకుంటే సరిపోతుందా?

విశ్రాంత పర్మనెంట్ వే ఇంజినీరు

గేటుకు ఒప్పుకోరు. ఉన్న లెవెల్ క్రాసింగులనే తీసేస్తున్న కాలంలో కొత్తది ఇవ్వరు. పైగా అక్కడ 686 మీటర్ల రేకు గంటల తరబడి నిలిచి ఉంటుంది. పొలాలకు వెళ్లే ట్రాక్టర్లు అంతసేపు ఆగవు, ఊరు మీ మీదికి వస్తుంది. అండర్‌పాస్ కట్టవచ్చు గాని మీ వైపు భూగర్భ జలం పైపైనే ఉంటుంది. వర్షాకాలంలో అది చెరువై, మోటారు పెట్టి నీళ్లు తోడే పని శాశ్వతంగా మీ మెడకు చుట్టుకుంటుంది. వీలైతే డొంకనే మీ స్థలం కొస చుట్టూ మళ్లించండి. డొంక ప్రభుత్వ భూమి కనుక, అందుకు సమానమైన భూమి మీరు ఇచ్చి, పంచాయతీ తీర్మానం చేయించి, తహసీల్దారు ద్వారా కలెక్టరు దాకా కాగితం నడపాలి. కాలువకు జలవనరుల శాఖ అనుమతి వేరే కావాలి. తూము ఎంత వెడల్పు ఉండాలో వారే చెబుతారు. నీళ్లు వదిలిన తర్వాత ఆ పని చేయనివ్వరు కాబట్టి వేసవిలోనే ముగించాలి.

సర్వేయరును పిలిచినప్పుడు డొంక, కాలువ, కరెంటు స్తంభాలు, రైలు కట్ట మట్టం, నాలుగూ ఒకే పటం మీద వేయించండి. విజయవాడ–గూడూరు మూడో లైను వంటి పనుల వల్ల తెనాలి వైపు యార్డులో మార్పులు జరుగుతుంటాయి. అందుచేత మీ కనెక్షన్ ఏ స్టేషను నుంచి తీసుకోవచ్చో, అక్కడ రైల్వేకు ముందు ముందు ఏ పనులు అనుకొని ఉన్నాయో డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఆ సమాధానం, డొంక విషయంలో పంచాయతీ తీర్మానం చేతికొచ్చేవరకు సమగ్ర నివేదికకు సలహాదారుకు డబ్బు కట్టకండి. నివేదిక తయారయ్యాక డొంక కదలదని తేలితే పటమంతా మళ్లీ గీయవలసి వస్తుంది, ఆ రుసుము రెండోసారి మీరే కడతారు.